అపార్ట్‌మెంట్ నల్లా నీళ్లపై నిరంతర నిఘా: కలుషితాన్ని సంపు గుమ్మంలోనే పట్టుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు నల్లా నీళ్లు రోజంతా రావు. రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో వస్తాయి. మిగతా సమయమంతా వీధి కింద పైపు ఖాళీగానో సగం నీళ్లతోనో పడి ఉంటుంది. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు ఎక్కడైనా పగులు ఉన్నా నీళ్లు బయటికే కారతాయి, లోపలికి ఏదీ రాదు. ఒత్తిడి పోయాక ఆ దారి తిరగబడుతుంది. పక్కనే డ్రైనేజీ పొంగుతుంటే అదే పగుల్లోంచి మురుగు పైపులోకి చేరి కూర్చుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అందరికన్నా ముందు అదే వచ్చి సంపులో పడుతుంది. వీధిలో ఎవరో ఒకరు నల్లాకు నేరుగా మోటార్ బిగించి లాగితే (నిషేధం ఉంది, అయినా లాగుతారు) ఈ పీల్చుడు ఇంకా పెరుగుతుంది. కర్ణాటకలోని హుబ్లీ-ధార్వాడలో 24 గంటలూ నీళ్లొచ్చే వార్డులనూ ఆగి ఆగి వచ్చే వార్డులనూ పోల్చి చూసిన పరిశోధకులు తేల్చింది కూడా ఇదే: ఆగి వచ్చే చోట కాలుష్యం ఎక్కువ, అందులోనూ మొదటి నీళ్లలో, ఒత్తిడి తక్కువున్నప్పుడు మరీ ఎక్కువ. మన దగ్గర 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నల్లా నీళ్లకు ప్రాణాలే పోయాయి.

ఏడాదికోసారి సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే దీన్ని పట్టుకోలేం. సూక్ష్మజీవుల పరీక్ష ఫలితం రావడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది. అప్పటికి ఆ సంపు నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి, ఇళ్లలోకి దిగి, అయిపోయి ఉంటాయి. అందుకే నీళ్లు వస్తుండగానే చూసే ఏర్పాటు కావాలి. నలభై ఫ్లాట్లు దాటిన ఏ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అయినా చేసుకోగలిగే పద్ధతి ఇది. కాస్త ఎలక్ట్రానిక్స్ తెలిసిన మనిషి, ఒక మంచి ప్లంబర్, చెప్పింది చెప్పినట్టు చేసే వాచ్‌మన్ ఉంటే చాలు.

ఆశలు మాత్రం ముందే సర్దుకోవాలి. నీళ్లలో ఈ.కోలి (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) ఉందో లేదో నిమిషాల్లో నేరుగా చెప్పే సెన్సర్ అపార్ట్‌మెంట్ బడ్జెట్‌లో దొరకదు. దొరుకుతుందని ఎవరైనా అమ్మజూపితే మర్యాదగా టీ ఇచ్చి పంపేయండి. మనం చూసేది సూక్ష్మజీవిని కాదు, అది వచ్చినప్పుడు నీళ్లలో మారే ఇతర గుణాలను. ఇది తక్కువ పని కాదు. కెనడాలో వాకర్టన్ అనే చిన్న ఊళ్లో 2000 మే నెలలో పెద్ద వానకు పశువుల పేడ ఓ బావిలోకి దిగింది. 7 మంది చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. ఆ బావి దగ్గర క్లోరిన్‌ను, మడ్డిని ఎడతెరిపి లేకుండా కొలిచే పరికరాలు ఉండి ఉంటే ఈ ఘోరం ఆగేదని ఆ తర్వాత జరిగిన న్యాయ విచారణ తేల్చింది. రెండే రెండు కొలతలు.

మొదటి మెట్టు: నీళ్ల దారి గీయండి

సెన్సర్ల ధరలు అడిగే ముందు ఓ ఆదివారం ప్లంబర్‌నూ వాచ్‌మన్‌నూ వెంటబెట్టుకుని ఆవరణంతా తిరగండి. నల్లా లైన్ ఎటు నుంచి వస్తోంది, మీటర్ ఎక్కడ, సంపు ఎక్కడ, బోరు నీళ్లు ఏ సంపులో పడుతున్నాయి, ట్యాంకర్ వస్తే గొట్టం ఎక్కడ పెడుతున్నారు, పైన ఎన్ని ట్యాంకులు, ఏ ట్యాంకు ఏ బ్లాకుకు. అన్నీ కాగితం మీద గీయండి. పాత అపార్ట్‌మెంట్లలో ఎప్పుడో ఎండాకాలంలో తాత్కాలికంగా వేసి మరిచిపోయిన బైపాస్ పైపు ఒకటైనా బయటపడుతుంది. సంపు మూత పార్కింగ్ నేలకన్నా ఎత్తుగా ఉందా, వాన నీళ్లు మూత మీదుగా దిగే వీలుందా, డ్రైనేజీ చాంబర్ సంపుకు ఎంత దూరంలో ఉందో కూడా రాసుకోండి. మీ సమస్య వీధిలో కాదు, మీ గోడ లోపలే ఉందని ఈ నడకలోనే తేలవచ్చు. అలా తేలితే ముందు మూత ఎత్తు పెంచండి, చాంబర్ పగుళ్లు మూయించండి. దానికి సెన్సర్ అక్కర్లేదు.

ఈ పటం చేతిలో ఉండగానే ఒక నిర్ణయం తీసుకోవాలి. బోరు నీళ్లూ నల్లా నీళ్లూ ఒకే సంపులో పడుతుంటే వాటిని విడదీయండి. విడదీయలేమంటే కనీసం అవి కలిసే చోటుకు ముందే నల్లా నీళ్లను కొలవండి. కారణం తర్వాతి మెట్టులో వస్తుంది.

రెండో మెట్టు: ఏం కొలవాలి, ఏం వదిలేయాలి

మన దగ్గర నీళ్ల గురించి మాట్లాడేవాళ్లంతా మొదట టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) అడుగుతారు. జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటర్ లేని వాటర్ కమిటీ మెంబర్ ఉండడు. కానీ మురుగును పట్టడంలో దాని శక్తి ఎంతో లెక్క వేసి చూడండి.

టీడీఎస్ మీటర్ నిజానికి కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, అంటే కండక్టివిటీని. దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఓ అంకెతో హెచ్చించి టీడీఎస్‌గా చూపిస్తుంది. మీ నల్లా నీళ్ల కండక్టివిటీ 500 మైక్రోసీమెన్స్, మురుగుది 1,200 అనుకుందాం. 99 లీటర్ల నల్లా నీళ్లలో ఒక లీటరు మురుగు కలిస్తే వచ్చేది 507. ఆ ఏడు మైక్రోసీమెన్స్ తేడా మామూలు ఊగిసలాటలోనే కలిసిపోతుంది. మీటర్‌కు ఏమీ పట్టదు. నూటికి ఒక పాలు మురుగు అంటే మాత్రం ఇంటిల్లిపాదినీ ఆసుపత్రిలో పడేసేంత.

అదే నీళ్లలో క్లోరిన్ ఏమవుతుందో చూడండి. మామూలు నగరపు మురుగులో లీటరుకు 20 నుంచి 40 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ ఉంటుంది. 30 అనుకుంటే, నూటికి ఒక పాలు కలిసిన నీళ్లలో 0.3 మిల్లీగ్రాములు చేరుతుంది. అమ్మోనియా నైట్రోజన్ తన బరువుకు సుమారు ఐదింతల క్లోరిన్‌ను పట్టేసుకుని క్లోరమైన్‌గా మార్చేస్తుంది. అంటే 1.5 మిల్లీగ్రాముల దాకా మింగగలదు. మీ నల్లా నీళ్లలో ఉన్నదే 0.5. మురుగులోని సేంద్రియ పదార్థం తినేది దీనికి అదనం. ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా విడిగా మిగిలిన క్లోరిన్, కాసేపట్లోనే దాదాపు సున్నాకు పడిపోతుంది. టీడీఎస్ కంటికి ఆనని మురుగును ఫ్రీ క్లోరిన్ పట్టిస్తుంది.

కాబట్టి డబ్బులో పెద్ద భాగం ఫ్రీ క్లోరిన్ సెన్సర్‌కే పెట్టండి. టోటల్ క్లోరిన్ కొలిచేది కొనకండి. అది క్లోరమైన్‌ను కూడా కలిపి చూపిస్తుంది కాబట్టి మురుగు వచ్చినా అంకె పెద్దగా కదలదు. పొరతో పనిచేసే ఆంపిరోమెట్రిక్ (చిన్న విద్యుత్ ప్రవాహాన్ని బట్టి కొలిచే) సెన్సర్ ఇలాంటి చోట నమ్మదగింది. త్రాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్రీ క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే కనీసం 0.5.

తర్వాత మడ్డి, అంటే టర్బిడిటీ. నీళ్లలోకి కాంతి పంపి, పక్కకు లంబకోణంలో ఎంత చెదిరిందో కొలుస్తారు. ఐఎస్ 10500లో ఆమోదిత పరిమితి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్), వేరే దారి లేకపోతే 5 దాకా. పైపు పగిలినా, మట్టి దిగినా, అడుగు మడ్డి లేచినా మొదట చెప్పేది ఇదే. క్లోరిన్‌కు లొంగని జీవులూ ఉన్నాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్రిప్టోస్పోరిడియం నగరం నీళ్లలోకి చేరి సుమారు 4 లక్షల మందిని మంచాన పడేసింది. అప్పుడు శుద్ధి కేంద్రంలో పరికరాలకు కనిపించిన సూచన మడ్డి పెరగడమే. క్లోరిన్ సెన్సర్ ఒక్కటే పెట్టి ఊరుకోకూడదనేది ఇందుకే.

పీహెచ్ తప్పనిసరి. అదేమీ కాలుష్యాన్ని గొప్పగా పట్టదు, కానీ క్లోరిన్ అంకెకు అర్థం చెప్పేది అదే. నీళ్లలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. సూక్ష్మజీవిని గట్టిగా చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సుమారు సగం, 8.5 దగ్గర పదో వంతు మాత్రమే. పొర సెన్సర్లు చాలావరకు ఆ మొదటి రూపాన్నే చూస్తాయి. పీహెచ్ సవరణ లేకపోతే నీళ్ల పీహెచ్ పెరిగిన ప్రతిసారీ క్లోరిన్ పడిపోయినట్టు అబద్ధం చెబుతాయి. ఉష్ణోగ్రత ఎలాగూ ఆ ప్రోబ్‌తోనే వస్తుంది.

కండక్టివిటీ సెన్సర్ చవక, మొండిది, ఏళ్లతరబడి మన్నుతుంది. మురుగును పట్టదని చెప్పాను కదా, మరి ఎందుకు? ఏ నీళ్లు వస్తున్నాయో చెప్పడానికి. దీని సంగతి ఐదో మెట్టులో.

ఓఆర్‌పీ మీటర్‌ను (నీళ్ల ఆక్సీకరణ శక్తిని మిల్లీవోల్టుల్లో చూపేది) క్లోరిన్ సెన్సర్‌కు బదులుగా పెట్టమని చాలామంది చెబుతారు, ధర తక్కువ కాబట్టి. 650 మిల్లీవోల్టులు దాటితే నీళ్లు బాగున్నట్టు అనే లెక్క ఈతకొలనుకు సరిపోతుంది. మూడు రకాల నీళ్లు మారుతుండే మన సంపుకు నేను సిఫారసు చేయను. ఇక ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సీసం లాంటివి గంటగంటకీ మారేవి కావు. బోరు ఉన్నవాళ్లు వానకు ముందోసారి, తర్వాతోసారి ల్యాబ్‌లో చూపించుకుంటే చాలు.

మూడో మెట్టు: సెన్సర్ ఎక్కడ, ఎలా బిగించాలి

చాలామంది సెన్సర్‌ను సంపులో వేలాడదీస్తారు. వద్దు. 30,000 లీటర్ల పాత నీళ్లలో కొత్తగా పడిన 500 లీటర్ల చెడ్డ నీళ్లు కలిసిపోయాక తెలిసి ప్రయోజనం లేదు. మొదటి కన్ను నల్లా మీటర్ తర్వాత, సంపు వాల్వ్‌కు ముందు ఉండాలి. డబ్బు మిగిలితే రెండో కన్ను సంపు నుంచి పైకి నీళ్లెక్కించే మోటార్ డెలివరీ పైపు మీద పెట్టండి. మొదటిది వీధి గురించి చెబుతుంది, రెండోది మీ సంపు గురించి. రెండింటి మధ్య తేడా వస్తే తప్పు మీ గోడ లోపలే.

పెద్ద పైపులోనే ప్రోబ్‌లు దూర్చకుండా, పక్కకు పావంగుళం గొట్టం తీసి ఫ్లో సెల్ అనే చిన్న పాత్ర గుండా నీళ్లు పంపండి. పొర క్లోరిన్ సెన్సర్‌కు నిలకడైన ప్రవాహం కావాలి. చాలా మోడళ్లకు గంటకు 30 లీటర్ల చుట్టుపక్కల సరిపోతుంది, మీదానికి ఎంతో దాని పుస్తకంలో చూడండి. వీధి ఒత్తిడి ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి ముందు చిన్న ప్రెజర్ రెగ్యులేటర్, దానికి ముందు ముతక జాలి పెట్టండి. సన్న ఫిల్టర్ పెట్టకండి, మనం చూడాల్సిన మడ్డిని అదే ఆపేస్తుంది.

ఇక్కడ విదేశీ మాన్యువళ్లలో దొరకని చిక్కు ఒకటి ఉంది. అవి 24 గంటలూ నీళ్లుండే పైపు కోసం రాసినవి. మనకు రెండు రోజుల పాటు పైపు ఎండిపోతుంది. ఎండితే పీహెచ్ గాజు బుడ్డీ, క్లోరిన్ పొర రెండూ పాడవుతాయి. అందుకని ఫ్లో సెల్ తర్వాత గొట్టాన్ని యు ఆకారంలో పైకి వంచి దించండి, వాష్‌బేసిన్ కింద ఉండే మలుపు లాగా. నీళ్లు ఆగినా సెల్ నిండుగానే ఉంటుంది. ఎగువ వైపు ఒక నాన్-రిటర్న్ వాల్వ్ కూడా వేయండి, లేకపోతే పైపు ఖాళీ అయ్యేటప్పుడు సెల్‌లోని నీళ్లను కూడా లాగేసుకుంటుంది.

రెండో చిక్కు గాలి. నల్లా వదలగానే మొదటి కొన్ని నిమిషాలు పైపు గాలిని బుసబుసా కక్కుతుంది. ఆ బుడగలు టర్బిడిటీ సెన్సర్‌కు మడ్డిలా కనిపిస్తాయి. సెల్‌కు ముందు నిలువుగా ఓ వెడల్పు గొట్టం నిలబెట్టి పైనుంచి గాలి పోయేలా చేస్తే చాలావరకు తీరుతుంది.

మూడోది, అసలైనది: ఫ్లో స్విచ్. నీళ్లు పారుతున్నప్పుడు మాత్రమే లెక్కలోకి వచ్చేలా ఇది పెట్టాలి. నిలిచిన నీళ్లలో క్లోరిన్ కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఫ్లో స్విచ్ లేకపోతే రోజూ అర్ధరాత్రి అలారం మోగుతుంది, వారం తిరక్కుండానే ఎవరో విసుగెత్తి ప్లగ్ పీకేస్తారు.

సెల్ నుంచి బయటికొచ్చే నీళ్లను తిరిగి సంపులోకి పంపకండి, మొక్కలకు పోనివ్వండి.

నాలుగో మెట్టు: తీగలు, కరెంటు, సిగ్నల్

సెన్సర్ల నుంచి 4–20 మిల్లీయాంప్ గానీ ఆర్‌ఎస్ 485 మీద మాడ్‌బస్ గానీ (రెండూ అన్ని కంపెనీలూ వాడే సిగ్నల్ పద్ధతులు) వచ్చేలా చూసుకోండి. అప్పుడు రేపు కంపెనీ మారినా రీడింగులు సేకరించే మీ పెట్టె మారదు. తన యాప్‌లో తప్ప ఇంకెక్కడా అంకె చూపించని పరికరం ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. సేకరించే పెట్టెగా ఈఎస్‌పీ 32 లాంటి చిన్న బోర్డు సరిపోతుంది, ఎప్పుడూ నడవాలంటే చిన్న పీఎల్‌సీ (ఫ్యాక్టరీల్లో వాడే కంట్రోలర్) మేలు. మోటార్ స్టార్టర్ ప్యానెల్‌లోనే దీన్ని ఇరికించకండి. స్టార్టర్ పడిన ప్రతిసారీ అంకెలు ఎగురుతాయి. వేరే డబ్బా, సిగ్నల్ తీగలకు ఐసొలేటర్, సరైన ఎర్తింగ్, నాలుగు గంటలైనా ఆగే బ్యాటరీ.

సంపు సాధారణంగా సెల్లార్‌లో ఉంటుంది, అక్కడ ఫోన్ సిగ్నలే అందదు. వాచ్‌మన్ గదిదాకా ఒక కేబుల్ లాగడమే అన్నిటికన్నా నమ్మకం. కుదరకపోతే లోరా (తక్కువ కరెంటుతో దూరం అందే) రేడియో వాడండి. మన దేశంలో దానికి 865–868 మెగాహెర్ట్జ్ లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, రెండు మూడు కాంక్రీట్ గోడలు దాటుతుంది. ఇంటర్నెట్ పోయినా రీడింగులు పెట్టెలోనే నిల్వ ఉండాలి, హారన్ మోగాలి.

నిమిషానికొక రీడింగ్ చాలు. ఒక్క రీడింగ్‌ను నమ్మకుండా వరసగా ఐదు తీసుకుని మధ్యది లెక్కించండి. బుడగ ఒకటి వచ్చి పోతే కొట్టుకుపోతుంది.

సెన్సర్లు నిజం చెబుతున్నాయా అనేది వేరే పని, దీనికి ఒక మనిషి పేరు రాసి పెట్టాలి. పీహెచ్‌ను 7, 4 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) నెలకోసారి సరిచూడాలి. కండక్టివిటీకి 1,413 మైక్రోసీమెన్స్ ద్రావణం ఉంటుంది, మూడు నెలలకోసారి చాలు. క్లోరిన్ సెన్సర్‌ను వారానికోసారి డీపీడీ కిట్‌తో (క్లోరిన్ ఉంటే నీళ్లను గులాబీ రంగుకు తిప్పే మాత్రల కిట్) పోల్చండి. ఆర్థోటోలిడిన్ చుక్కలతో పసుపు రంగు చూసే పాత కిట్‌కు దూరంగా ఉండండి. ఆ రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదు, పైగా ఫ్రీ క్లోరిన్‌నూ క్లోరమైన్‌నూ వేరుచేసి చూపదు. టర్బిడిటీ కిటికీని మెత్తటి గుడ్డతో తుడవాలి. ఇవన్నీ మృగశిర కార్తెకు ముందు ఒకసారి పూర్తిగా చేసి పెట్టుకోండి. ఆ తర్వాత వానలు, పొంగే మ్యాన్‌హోళ్లు. సెన్సర్‌కు అసలు పని అప్పుడే.

ఐదో మెట్టు: మీ నీళ్ల మామూలు నడక తెలుసుకోవడం

ఈ పని ఎవరూ సరిగా చేయరు, అందుకే చాలా ఏర్పాట్లు అలంకారంగా మిగిలిపోతాయి.

హైదరాబాద్‌కు నీళ్లు ఒక్క చోట నుంచి రావు. 1920లో కట్టిన గండిపేట, 1927లో కట్టిన హిమాయత్‌సాగర్ ఉన్నాయి. మంజీరా, సింగూరు ఉన్నాయి. నాగార్జునసాగర్ జలాల నుంచి కృష్ణా వస్తుంది, ఎల్లంపల్లి నుంచి గోదావరి వస్తుంది. ఊళ్లో చాలామంది ఇప్పటికీ అన్నిటినీ కలిపి మంజీరా నీళ్లనే అంటారు. ఒక్కో నది నీళ్ల ఉప్పు వేరు, పీహెచ్ వేరు. మరమ్మతు వచ్చినప్పుడు జలమండలి ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కు మార్చవచ్చు. ఎండాకాలంలో మీరే ట్యాంకర్ తెప్పిస్తారు, బోరు కలుపుతారు. అంటే మీ గుమ్మంలో మామూలు నీళ్లు ఒక రకం కాదు, మూడు నాలుగు రకాలు. అన్నిటికీ కలిపి ఒక సగటు తీసి అలారం పెడితే, నీళ్ల మూలం మారిన ప్రతిసారీ మోగుతుంది, మురుగు వచ్చినప్పుడు మోగదు.

కాబట్టి కనీసం ఒక నెల అలారం లేకుండా రీడింగులు మాత్రమే పోగేయండి. ప్రతి విడతకూ పక్కన ఒక గుర్తు వేయండి: నల్లా, బోరు, ట్యాంకర్. తర్వాత కండక్టివిటీని గ్రాఫ్‌లో చూడండి. అంకెలు చెల్లాచెదురుగా కాకుండా గుంపులు గుంపులుగా పడతాయి. ఒక గుంపు మీ రోజువారీ నల్లా, ఇంకొకటి ట్యాంకర్, అన్నిటికన్నా పైన ఉండేది సాధారణంగా బోరు. నగరంలో చాలా బోర్లు వెయ్యి మైక్రోసీమెన్స్ దాటతాయి. కండక్టివిటీ చేసే పని ఇదీ. ఏ గుంపు నీళ్లో అది చెబితే, ఆ గుంపుకు మామూలుగా ఎంత క్లోరిన్, ఎంత మడ్డి ఉండాలో చూసి అలారం తేల్చాలి. అమెరికా పర్యావరణ సంస్థ, శాండియా ప్రయోగశాల కలిసి తయారుచేసిన కెనరీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా మామూలు నడక నుంచి తప్పిన అంకెలనే వెతుకుతుంది. అపార్ట్‌మెంట్‌కు అంత అవసరం లేదు, ఎక్సెల్ షీట్ చాలు.

బోరును వేరు చేయమన్నది కూడా ఇందుకే. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు, ఉప్పు ఎక్కువ. మురుగు కలిసిన నల్లా నీళ్ల లక్షణాలూ అవే: క్లోరిన్ లేదు, ఉప్పు కాస్త ఎక్కువ. రెండూ కలిసే పైపులో దేన్ని దేనితో తేల్చుకుంటారు?

ప్రతి విడతలోనూ మొదటి పది పదిహేను నిమిషాలు వేరే కథ. అప్పుడు మడ్డి ఎక్కువ, క్లోరిన్ తక్కువ ఉండటం చాలా వీధుల్లో మామూలే. మీ వీధిలో ఎన్ని నిమిషాలకు అంకెలు కుదురుకుంటున్నాయో ఈ నెలలో తెలుస్తుంది. ఆ నిమిషాల నీళ్లను సంపులోకి పంపకపోవడం ఈ మొత్తం ఏర్పాటు వల్ల రోజూ దక్కే లాభం. దానికి మోటార్‌తో తిరిగే మూడు దారుల వాల్వ్ పెట్టండి. మామూలు స్థితిలో అది ఫ్లష్ ట్యాంకు వైపో తోట వైపో ఉండాలి, అంకెలు కుదిరాకే సంపు వైపు తిరగాలి. కరెంటు పోతే ఎటు ఉండాలనేది మీ అసోసియేషన్ తేల్చుకోవాలి. నేనైతే ఫ్లష్ ట్యాంకు వైపే అంటాను.

ఆరో మెట్టు: అలారం

రెండు స్థాయిలు చాలు. పసుపు: నీళ్లు పారుతుండగా ఫ్రీ క్లోరిన్ వరసగా పది నిమిషాలు 0.2 కన్నా తక్కువ, లేదా మడ్డి 5 ఎన్‌టీయూ పైన. ఎరుపు: క్లోరిన్ ఆ గుంపు మామూలు స్థాయిలో సగానికి పడిపోయి, అదే సమయంలో మడ్డి రెట్టింపు కావడం లేదా కండక్టివిటీ తన గుంపు దాటి పక్కకు జరగడం. రెండు సాక్ష్యాలు ఒకేసారి కలిస్తేనే ఎరుపు అనుకుంటే దొంగ అలారాలు బాగా తగ్గుతాయి. క్లోరిన్ పూర్తిగా సున్నా అయితే మాత్రం రెండో సాక్ష్యం కోసం చూడొద్దు.

దొంగ అలారం ఖరీదు మన దగ్గర ఎక్కువని గుర్తుంచుకోండి. గంట సేపు వచ్చే నీళ్లను తప్పుగా ఆపేస్తే రెండు రోజులు ట్యాంకర్ కొనాలి. ఆ ఒక్కసారికే సర్వసభ్య సమావేశంలో ఈ ఏర్పాటు తీసేయమంటారు. అందుకే ఎరుపులో కూడా నీళ్లను మురుగు కాల్వలోకి వదలకుండా ఫ్లష్ ట్యాంకులోకి మళ్లించండి. అలారం నిజమైతే తాగే నీళ్లు కాపాడుకున్నట్టు, తప్పైతే ఆ నీళ్లు వృథా పోనట్టు.

నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వస్తాయి, వాట్సాప్ మెసేజ్‌కు ఎవరూ లేవరు. ఎరుపుకు వాచ్‌మన్ గదిలో హారన్ మోగాలి, ఇద్దరు కమిటీ సభ్యులకు ఫోన్ కాల్ వెళ్లాలి.

ఏడో మెట్టు: మోగాక మొదటి అరగంట

ఈ వరసను లామినేట్ చేసి సంపు గోడకు అంటించండి, వాచ్‌మన్‌కు ఏ భాష బాగా వస్తే ఆ భాషలో.

ముందు వాల్వ్ సంపు వైపు మూసి ఉందో లేదో కంటితో చూడాలి. ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించే మోటార్ ఆపాలి. పైన ఉన్నవి నిన్నటి నీళ్లే కాబట్టి అవి మంచివే కావచ్చు, వాటిని పాడు కానివ్వకూడదు.

తర్వాత డీపీడీ పరీక్ష. ఒకటో నంబర్ మాత్ర వేసి నిమిషం లోపే రంగు చూడాలి, అది ఫ్రీ క్లోరిన్. అదే సీసాలో మూడో నంబర్ మాత్ర వేసి రెండు నిమిషాలు ఆగాలి, అది మొత్తం. మొదటిది రంగు లేకుండా ఉండి రెండోది గులాబీ రంగు తేలితే క్లోరిన్‌ను అమ్మోనియా పట్టుకుందన్నమాట. మురుగు కలిసిందనడానికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దొరికే గట్టి ఆధారం ఇది. రెండూ రంగు లేకుంటే క్లోరిన్ అసలు అందలేదు, లేదా ఏదో పూర్తిగా తినేసింది. రెండూ బాగా గులాబీ రంగుకొస్తే మీ సెన్సరే తప్పు.

మూడోది నమూనా. బ్లీచింగ్ కలపక ముందే తీయాలి, కంగారులో అందరూ మరిచేది దీన్నే. ల్యాబ్ ఇచ్చే శుభ్రపరిచిన సీసాలో సోడియం థయోసల్ఫేట్ ముందే వేసి ఉంటుంది, మిగిలిన క్లోరిన్ దారిలో సూక్ష్మజీవుల్ని చంపకుండా. దాన్ని కడగకూడదు. ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబ్‌కు చేర్చాలి. ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి ఒక్కటి కూడా కనిపించకూడదు.

నాలుగోది 155313కు ఫోన్. జలమండలి కస్టమర్ కేర్ ఇది. మీ క్యాన్ నంబర్ (నల్లా బిల్లు మీద ఉండే ఖాతా నంబర్) దగ్గర పెట్టుకుని, 'నీళ్లు బాలేవు' అనకుండా అంకెలు చెప్పండి: ఎన్నింటికి వచ్చాయి, క్లోరిన్ ఎంత, మడ్డి ఎంత, ఎంతసేపు. ఫిర్యాదు నంబర్ రాసుకోండి. అదే మాట పక్క అపార్ట్‌మెంట్ వాళ్లకూ చెప్పండి, వాళ్లకు హారన్ లేదు.

ఇళ్లవాళ్లకు పంపే మెసేజ్ ముందే రాసి ఉంచుకోండి. ఇలా ఉంటే చాలు: 'అందరికీ నమస్కారం. ఈ ఉదయం వచ్చిన నల్లా నీళ్లలో తేడా కనిపించింది. సంపులోకి వెళ్లకుండా ఆపాం. మళ్లీ చెప్పేదాకా తాగడానికి, పళ్లు తోముకోవడానికి మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఆగి దించండి. విరేచనాలు, వాంతులు ఎవరికైనా ఉంటే కమిటీకి చెప్పండి.' వంటింట్లో ఆర్‌ఓ ఉంది కదా అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. పళ్లు తోముకునేదీ పిల్లలు స్నానం చేస్తూ మింగేదీ ఆర్‌ఓ నీళ్లు కావు.

చెడ్డ నీళ్లు సంపులో పడిపోయి ఉంటే పూర్తిగా ఖాళీ చేసి కడిగించాలి. సంపులోకి ఒంటరిగా ఎవరినీ దించకండి. మూత తీసి గాలి ఆడనిచ్చి, పైన మనిషిని నిలబెట్టి, నడుముకు తాడు కట్టాకే. కడిగాక నింపి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో రాత్రంతా ఉంచండి. 10,000 లీటర్లకు 500 గ్రాముల క్లోరిన్ కావాలి, 25 శాతం ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే 2 కిలోలు. బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, పై తేట మాత్రమే పోయాలి. బాత్రూం యాసిడ్‌తో కలిసే చోటికి అది వెళ్లకూడదు, విషవాయువు వస్తుంది. తెల్లారాక వంపేసి మళ్లీ నింపండి. ఆ తర్వాత రోజువారీ నీళ్లలో కలపాల్సి వస్తే లెక్క చాలా చిన్నది: లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున 10,000 లీటర్లకు 40 గ్రాముల పౌడర్, అరగంట ఆగాక వాడకం.

ఏర్పాటు పనిచేస్తోందా అని చూడటం

మూడు నెలలకోసారి నకిలీ ప్రమాదం సృష్టించండి. నల్లా వస్తున్నప్పుడు ఫ్లో సెల్‌కు వెళ్లే పక్క గొట్టంలోకి మాత్రమే, సిరంజితో సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ఎక్కించండి. క్లోరిన్ పడిపోవాలి. ఇంకోసారి ఉప్పు నీళ్లు ఎక్కించండి, కండక్టివిటీ లేవాలి. ఆ నీళ్లు ఎలాగూ మొక్కలకే పోతాయి, సంపుకు చేరవు. వాచ్‌మన్‌కు చెప్పకుండా చేయండి. హారన్ మోగిన దగ్గర నుంచి వాల్వ్ దగ్గర మనిషి నిలబడేదాకా ఎంత సేపు పట్టిందో రాసుకోండి.

ఇంత డబ్బు లేకపోతే

ఒక డీపీడీ కిట్, ఒక కండక్టివిటీ మీటర్, ఒక నోటుబుక్, వాచ్‌మన్‌కు నెలకు కొంత అదనం. నీళ్లు వచ్చిన వెంటనే సంపు వాల్వ్ తెరవకుండా మొదటి పది నిమిషాలు మొక్కలకు వదలాలి. అప్పుడు ఒక గ్లాసు పట్టి చూడాలి: రంగు, వాసన, డీపీడీ, కండక్టివిటీ. గులాబీ రంగు వస్తేనే వాల్వ్ తెరవాలి. అరగంట తర్వాత మరోసారి. ఇది నిరంతర నిఘా కాదు, రెండు రీడింగుల మధ్య వచ్చింది దొరకదు. కానీ పైన చెప్పిన మొదటి నీళ్ల బెడద చాలావరకు దీంతోనే తప్పుతుంది. నెలకోసారి ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లకు హెచ్2ఎస్ సీసా పరీక్ష కూడా జోడించండి. ఒకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడితే మురుగు తాలూకు బ్యాక్టీరియా ఉండి ఉంటుందని అనుమానించి ల్యాబ్‌కు పంపాలి. డీపీడీ మాత్రలు కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోండి, తేమ తగలని రేకు ప్యాకింగ్‌వే తీసుకోండి. నాసిరకం మాత్రకు మంచి నీళ్లలోనూ రంగు రాదు.